పథకాలకు నో డిటెన్షన్

ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఫెయిల్ చేయకూడదన్న విద్యాహక్కు చట్టం ‘నో డిటెన్షన్’ నిబంధనను పార్లమెంటు 2019లో సడలించింది. ఆ సడలింపు పిల్లలకే. ప్రభుత్వ పథకాల విషయంలో పాత నిబంధనే చెక్కుచెదరకుండా అమలవుతోంది.

మధ్యప్రదేశ్ సంగతే తీసుకోండి. అక్కడ బడులను బాగుచేయడానికి ఒక పథకం పెట్టారు. అధికారులు బడికొచ్చి మార్కులు వేస్తారు. లోపాలేమిటో రాస్తారు. వాటిని సరిదిద్దే ప్రణాళిక తయారవుతుంది. మళ్లీ వచ్చి చూస్తారు. విదేశాల్లో మెచ్చిన పద్ధతులన్నీ అందులో ఉన్నాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ లాటరీ పద్ధతిలో ఎంపికైన బడులను, పథకం లేని బడులతో పోల్చి చూశారు. తనిఖీలు జరిగాయి, ప్రణాళికలు బారెడు బారెడు రాశారు. పంతుళ్ల హాజరు మాత్రం మారలేదు, పిల్లల చదువు అసలే మారలేదు. ఈ కబురు 2020లో పత్రంగా బయటికొచ్చేసరికి ఆ నమూనా ‘శాలా సిద్ధి’ పేరుతో దేశంలో 6 లక్షలకు పైగా బడులకు పాకిపోయింది.

సర్కారును తప్పుపట్టడానికేమీ లేదు. ఫారాలు నిండాయా అన్నది పై ఆఫీసు అడిగిన ప్రశ్న. నిండాయి. పిల్లవాడు చదవగలడా అనే గడి ఆ ఫారంలో ఉంటే కదా!

పోనీ, ఇది ముందు తెలియని విషయమా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి పంతుళ్ల చేతికిచ్చి చూశారు. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల ఆ పత్రం 2010లో అచ్చయింది. పరిశీలకుడు వెనక బెంచీలో కూర్చున్నంతసేపు పాఠం జోరుగా సాగింది. తీరా పరీక్షలో, ఏ నివేదికా అందని బడుల పిల్లలకంటే వీళ్లు ఒక్క మెట్టూ ఎక్కలేదు. ఇన్‌స్పెక్షన్ ముందురోజు గోడలకు సున్నం వేసే బడిలో చదివినవాళ్లకు ఇది చెప్పడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదనుకోండి.

హర్యానాలో రెండు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి తూచారు. ఒకటి విద్యాహక్కు చట్టం ఆదేశించిన నిరంతర సమగ్ర మూల్యాంకనం. తెలుగు రాష్ట్రాల టీచర్లకు ఎఫ్ఏ (ఫార్మేటివ్), ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలంటే చటుక్కున వెలుగుతుంది. ప్రాజెక్టుకిన్ని, స్లిప్ టెస్టుకిన్ని అని గడులు నింపేసరికి బెల్లు కొట్టేసే వ్యవహారం. రెండోది, తరగతితో సంబంధం లేకుండా చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టి రోజుకో గంట చెప్పడం. ఆ గంట హిందీ చదవడం నేర్పింది. మూల్యాంకనం వల్ల చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. అయినా చట్టంలో ఉన్నది అదే.

పరిశోధకులూ తక్కువ తినలేదు. లెక్కల్లో ‘0.27 స్టాండర్డ్ డీవియేషన్’ పెరుగుదల అని రాస్తారు. ఆ ముక్క ఏ మంత్రి పేషీలో ఎవరికి విప్పి చెప్పాలి? పైగా వాళ్ల గడియారం వేరు. ప్రైవేటు బడుల వోచర్లపై 2008లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అధ్యయనం 2015లో అచ్చయింది. ఈలోగా మంత్రులు, కార్యదర్శులు మారడం మామూలే, ఏకంగా రాష్ట్రమే రెండయింది. ప్రైవేటు బడికెళ్లిన పిల్లలు తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకంటే మెరుగేమీ కాదన్న ఆ ఫలితం ఏ సచివాలయానికి పంపాలో కూడా తెలియని పరిస్థితి.

కెన్యాలో ఇంకా చోద్యం. స్వచ్ఛంద సంస్థ నియమించిన కాంట్రాక్టు టీచర్ల వల్ల పిల్లల మార్కులు పెరిగాయి. అదే పనికి ప్రభుత్వం నియమించినవాళ్ల వల్ల పెరగలేదు. ఎందుకిలా అని పరిశోధకులు తల పట్టుకుని పత్రం రాసుకుంటుండగానే, 2011లో టీచర్ల యూనియన్ సమ్మెకు దిగి, దేశంలోని 18,000 మంది కాంట్రాక్టు టీచర్లను పర్మనెంటు చేస్తామన్న హామీ రాబట్టుకుంది. విధానాన్ని మార్చాలనుకుని మార్చి చూపించింది ఈ మొత్తం వ్యవహారంలో ఆ యూనియన్ ఒక్కటే. అదీ ఒక్క పట్టికా, ఒక్క ఫుట్‌నోటూ లేకుండా.