విగ్రహం మునిగింది, ఖర్చు తేలింది

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగర కౌన్సిల్ తెలివే తెలివి! నడిబొడ్డున 1895లో నిలబెట్టిన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ కంచు విగ్రహం కింద ఆయన్ని పొగిడిన మాటలే తప్ప ఆయన చేసిన బానిసల వ్యాపారం ఊసే లేదు. ఆయన భాగస్వామిగా ఉన్న కాలంలో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ బానిసలుగా ఓడలెక్కించినవాళ్లు 84,000 మంది అని అంచనా.

సరే, నిజం చెప్పే ఫలకం ఒకటి తగిలిద్దామన్నారు. ఇక చూస్కోండి, ఈ మాట ఘాటు, ఆ మాట చప్పన అంటూ ఒకటే దిద్దుబాట్లు. తీరా ఫలకం పోత పోశాక 2019లో మేయరే ఆపేశారు. 2020 జూన్ 7న జనం ఫలకంతో పనిలేకుండా విగ్రహాన్నే తాళ్లతో లాగి, దొర్లించుకెళ్లి రేవులో పడేశారు. నాలుగు రోజులకు దాన్ని పైకి తీయించే పని మళ్లీ కౌన్సిల్‌కే పడింది.

పద్దుల సంగతీ అంతే. పొదుపు పేరుతో 2018లో 18 వీధి మరుగుదొడ్లకు తాళాలేశారు. అదే కోల్‌స్టన్ పేరున్న సంగీత హాలుకు మాత్రం హంగులు దిద్ది, పేరు మార్చి తెరిచేసరికి సుమారు 4.8 కోట్ల పౌండ్ల అంచనా 13.2 కోట్లకు ఎగబాకింది.

ఇక మన దగ్గరకొస్తే, రోడ్ల మీద కొత్త విగ్రహాలొద్దని 2013లోనే మన సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చాలాచోట్ల కౌన్సిల్ ఎజెండాలో కుళాయి నీళ్లకన్నా విగ్రహానిదే ముందు వరస. కాబట్టి మన కౌన్సిలర్లు అధ్యయన యాత్రంటూ బ్రిస్టల్ ఫ్లైటెక్కనక్కర్లేదు. బ్రిస్టల్ వాళ్లనే ఇటు రమ్మంటే సరి, టీఏ, డీఏ బిల్లులు ఎలా పెట్టాలో కూడా నేర్పి పంపుతాం!