క్యాంపస్ వైఫై: పాటించకూడని ఆరు సలహాలు

కాలేజీ హాస్టళ్లలో రాత్రి తొమ్మిది దాటిందంటే ఒకటే మాట: "ఫుల్ సిగ్నల్ ఉంది, నెట్ మాత్రం రావట్లేదు." అసైన్‌మెంట్ గడువు ముంచుకొస్తున్న పిల్లలకు అది నరకమే. సరిచేద్దామని దిగినవాళ్లకు అందే సలహాలు కొన్ని ఆ బాధను ఇంకా పెంచుతాయి. వాటిలో ఈ ఆరూ ఎవరు చెప్పినా వినకండి.

1. "సిగ్నల్ అందకపోతే పవర్ పెంచెయ్యండి."
వైఫై సిగ్నల్ ఇచ్చే బాక్సు, అంటే యాక్సెస్ పాయింట్, గట్టిగా అరిస్తే ఫోన్‌కు వినిపిస్తుంది, సరే. ఫోన్ ఇచ్చే జవాబు వెనక్కి చేరొద్దూ? దానికి అంత బలం లేదు. పైగా మనిషి దూరం వెళ్లినా ఫోన్ ఆ పాత పాయింట్‌నే పట్టుకు వేలాడుతుంది. పవర్ తగ్గించి, పాయింట్లను మనుషులకు దగ్గరగా పెట్టండి.

2. "కారిడార్లో ఇంకో నాలుగు బాక్సులు బిగించండి."
2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఒకే ఛానెల్‌లో ఉన్నవన్నీ వంతులవారీగా మాట్లాడుకోవాలి. పొడవాటి కారిడార్లో బాక్సుల గోల బాక్సులకే వినిపిస్తుంది. గోడా, ఇనుప బీరువా దాటి గదిలోకి వచ్చేసరికి సిగ్నల్ నీరసిస్తుంది. గదుల్లోనే అమర్చండి. 5 గిగాహెర్ట్జ్‌కు పెద్దపీట వేసి, 2.4 రేడియోలను కొన్నిచోట్ల ఆపేయండి.

3. "డిపార్ట్‌మెంటుకో వైఫై పేరు పెట్టండి."
ప్రతి పేరునూ ప్రతి యాక్సెస్ పాయింటూ సెకనుకు దాదాపు పదిసార్లు, అదీ బాగా తక్కువ వేగంతో, చాటుతూనే ఉంటుంది. పేర్లు పెరిగేకొద్దీ అసలు పనికి మిగిలే సమయం తగ్గిపోతుంది. మూడు నాలుగు పేర్లు చాలు. ఎవరికి ఏ అనుమతో లాగిన్‌ను బట్టి తేల్చవచ్చు. వేరే విద్యాసంస్థల నుంచి వచ్చేవాళ్లకు, సొంత సంస్థ లాగిన్‌తోనే పనిచేసే ఎడ్యురోమ్ వైఫై ఉంది, మన దేశంలో దాన్ని ఎర్నెట్ సంస్థ నడుపుతోంది.

4. "సెలవుల్లో సిగ్నల్ సర్వే చేయించండి, ఎవరూ అడ్డురారు."
అడ్డొచ్చే మనుషులతోనే కదా పరీక్ష! మనిషి ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. హాస్టల్ నిండి ఉన్న రాత్రి, గది తలుపు మూసి, మంచం దగ్గర కొలవండి. వీడియో కాల్ సాఫీగా సాగాలంటే మైనస్ 67 డీబీఎం లేదా అంతకంటే మెరుగైన సిగ్నల్ ఉండాలి. ఛానెల్ ఎంతసేపు బిజీగా ఉంటోందో, ఎన్ని ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోందో కూడా రాసుకోండి.

5. "ఫుల్ సిగ్నల్ ఉంటే లోపం ఫోన్‌దే."
నెట్‌లోకి రావాలంటే ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రసు కావాలి. మామూలు సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఒక భాగంలో) అవి 254కు మించవు. నూట యాభై మంది, తలా ఫోనూ ల్యాప్‌టాపూ అంటే మూడు వందలు. అడ్రసు దొరకని ఫోన్‌కు సిగ్నల్ ఉండి ఏం లాభం? తీగ వైపూ చూడండి. ఒక్క పాడైన కేబుల్ చాలు, గిగాబిట్ లింకు 100 మెగాబిట్లకు పడిపోతుంది.

6. "కంప్లైంట్లు రాలేదంటే అంతా బాగున్నట్టే."
చెప్పి చెప్పి విసిగిపోయిన పిల్లలు సొంత మొబైల్ డేటాతో నెట్టుకొస్తుంటారు. కంప్లైంట్లో గది నంబరు, సమయం, ఫోన్ మోడల్ తప్పక అడగండి. అదే గదికి, అదే సమయానికి వెళ్లి కొలవండి. సరిచేశాక, చెప్పిన విద్యార్థికి ఫలానాది బాగుచేశామని కబురు పెట్టండి. అప్పుడే పక్కగది వాళ్లు కూడా తమ ఇబ్బంది చెప్పుకోవడానికి ముందుకొస్తారు.