ఓడిపోయే జట్టునే అడిగి తీసుకోండి

ఆన్‌లైన్ సిమ్యులేషన్ హాకీ లీగ్‌లో కొత్తగా చేరేవాళ్లకు ఎవర్నడిగినా ఒకటే పాట వినిపిస్తుంది. మంచి జట్టు ఖాళీ అయ్యేదాకా ఆగు, చేరగానే రెండు పెద్ద ట్రేడ్‌లు (ఆటగాళ్ల మార్పిడి బేరాలు) కొట్టు, స్టార్లను పోగెయ్యి అంటారు. నేను చెప్పేవి వీటికి పూర్తిగా తలకిందులు. మొండి సలహాల్లా కనిపించవచ్చు. అయినా ఒక్కొక్కటీ నమ్మే చెబుతున్నాను.

ముందు ఆట సంగతి. ఇది మనకు తెలిసిన ధ్యాన్‌చంద్ హాకీ కాదు. కెనడా, అమెరికాల్లో మంచు మీద ఆడే హాకీ. గోలీతో కలిపి ఒక్కో వైపు ఆరుగురు, ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. లీగ్‌లో మన చేతికి స్టిక్ రాదు, జనరల్ మేనేజర్ కుర్చీ వస్తుంది. చాలా లీగ్‌లు అక్కడి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ అచ్చులోనే నడుస్తాయి: 32 జట్లు, ఎనభైకి పైగా మ్యాచ్‌లు, జీతాల మొత్తానికి హద్దు పెట్టే సెలరీ క్యాప్, కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఏటా. ఆ వంతునే పిక్ అంటారు. ఎవర్ని ఏ లైన్లో (కలిసి మంచు మీదికి దిగే బృందంలో) ఆడించాలో, ఎదుటి జట్టుకు శిక్ష పడి మనిషి తగ్గిన పవర్ ప్లేకి ఎవర్ని దించాలో మనం రాసి పంపుతాం. ఎస్‌టీహెచ్‌ఎస్ లాంటి ప్రోగ్రామ్ మ్యాచ్‌ను నడిపి ఫలితం చెబుతుంది. ఆటగాళ్లు అంకెలే కావచ్చు గానీ, అవతలి జట్టు నడిపేది మాత్రం మనలాంటి మనిషే. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద చెప్పేవన్నీ అర్థమవుతాయి.

జట్టు ఎంచుకోమన్నప్పుడు పట్టికలో అట్టడుగున ఉన్నదాన్ని అడగండి. గెలిచే జట్టు చేతికొస్తే, పాత మేనేజర్ వేసిన ఎత్తుల ఫలితాన్ని మీరు అనుభవిస్తారు తప్ప అవి ఎందుకు వేశాడో మీకు తెలీదు. ముదురు ఆటగాళ్ల పొడుగాటి ఒప్పందాలు రెండో ఏడు మెడకు చుట్టుకుంటాయి. అట్టడుగు జట్టుకైతే ప్రతి ఇటుకా మీరే పేర్చాలి, కాబట్టి ప్రతిదీ నేర్చుకుంటారు. లీగ్ నడిపే కమిషనర్‌కు కూడా అదే కావాలి. ఎవరూ ముట్టని జట్టుకు మనిషి దొరికాడన్న సంతోషంతో మీ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబిస్తారు.

అయితే ఓడిపోయే జట్టును తీసుకోమన్నానే గానీ, కావాలని ఓడిపొమ్మనలేదు. అడుగున ఉంటే మొదటి పిక్ వస్తుంది, దాంతో దశ తిరుగుతుందని నమ్మేవాళ్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ చరిత్ర చూడాలి. 2010, 2011, 2012లో వరసగా, మళ్లీ 2015లో డ్రాఫ్ట్ మొదటి పిక్ ఆయిలర్స్‌కే దక్కింది. అయినా 2016 దాకా వరసగా పది సీజన్లు వాళ్లకు ప్లేఆఫ్ గడప తొక్కే భాగ్యం లేదు. 2012లో మొదటి పిక్‌గా తెచ్చుకున్న యాకుపోవ్ అక్కడ నిలదొక్కుకోనే లేదు. కావాలని ఓడే మేనేజర్ తన జట్టుతో పాటు లీగ్‌నూ పాడు చేస్తాడు. అలాంటివాణ్ని లీగ్ నుంచి పంపెయ్యాలన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం.

మొదటి సీజన్లో ట్రేడ్ చెయ్యకండి. ఒక్కటీ వద్దు. సంతకు కొత్తగా వచ్చినవాడి మొహం బేరగాళ్లకు ఆమడ దూరం నుంచే తెలిసిపోతుంది. మీరు చేరిన రోజే తియ్యటి కబుర్లతో సందేశాలు మొదలవుతాయి. "మీ జట్టుకు ఇప్పుడు కావలసింది అనుభవం" అంటూ ముప్పై నాలుగేళ్ల వింగర్‌ను అంటగట్టి, వచ్చే ఏటి మొదటి రౌండ్ పిక్ పట్టుకుపోవాలని చూస్తారు. మర్యాదగా కాదనండి, సీజన్ అయ్యాక మాట్లాడదామనండి.

ఆగడం ఏం చేస్తుందో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు ఎరిక్ లిండ్రోస్ ఉదంతం చెబుతుంది. 1991 డ్రాఫ్ట్‌లో క్యూబెక్ నార్డిక్స్ అతన్ని మొదటి పిక్‌గా తీసుకుంది. అక్కడ ఆడనని అతను మొండికేశాడు. నార్డిక్స్ కంగారుపడి అమ్మేయలేదు, ఏడాది పాటు బిగబట్టింది. 1992లో ఫిలడెల్ఫియా అతని కోసం పీటర్ ఫోర్స్‌బెర్గ్‌ను, మరికొందరు ఆటగాళ్లను, రెండు మొదటి రౌండ్ పిక్‌లను, 1.5 కోట్ల డాలర్లను ఇచ్చుకుంది. నార్డిక్స్ 1995లో కొలరాడోకు తరలి, మరుసటి ఏడే ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. లిండ్రోస్‌తో ఫిలడెల్ఫియా ఒక్క కప్పూ గెలవలేదు. తొందరపడనివాడి దగ్గరికి బేరం నడిచి వస్తుంది.

డ్రాఫ్ట్ రోజున మొదటి రౌండ్ కాగానే సగం మంది లేచి వెళ్లిపోతారు, మిగతా పేర్లను కంప్యూటర్‌కు వదిలేస్తారు. మీరు చివరి రౌండ్ దాకా కూర్చోండి. డెట్రాయిట్ 1998లో దాత్సుక్‌ను 171వ పిక్‌గా, 1999లో జెటర్‌బెర్గ్‌ను 210వ పిక్‌గా తీసుకుంది. 2008 కప్పు వాళ్లిద్దరూ కలిసి గెలిపించిందే. గోలీ లుండ్‌క్విస్ట్ 2000లో 205వ పిక్. హైదరాబాద్ నుంచి ఆడేవారికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. టొరంటోలో రాత్రి తొమ్మిదంటే శీతాకాలంలో మనకు మర్నాటి ఉదయం ఏడున్నర. అక్కడి మేనేజర్లు నిద్రకు జోగే వేళకు మనం కాఫీ తాగి తాజాగా ఉంటాం.

వరసగా ఓడుతున్నప్పుడు లైన్లు తిరగరాయకండి. ముందు జట్టు షూటింగ్ శాతాన్ని (షాట్లలో గోల్ అయినవి), సేవ్ శాతాన్ని (ఎదుటి షాట్లలో గోలీ ఆపినవి) కలిపి చూడండి. లీగ్ మొత్తానికి ఆ కూడిక 100 దగ్గర ఉంటుంది. మీది 96 అయి, షాట్లలో ఎదుటివాళ్లతో సమంగా ఉంటే చాలావరకు అదృష్టం ముఖం చాటేసినట్టే. గోలీ మరీ బలహీనుడైతే తప్ప జట్టును కదపకండి.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది, ప్లేఆఫ్ ఆశ పోయాక కూడా లైన్లు పంపండి. గాయపడినవాణ్ని అలాగే వదిలేసి మేనేజర్ మాయమైతే, ఆ వారం అతనితో తలపడిన జట్టుకు ఉచితంగా రెండు పాయింట్లు దొరుకుతాయి. ప్లేఆఫ్‌కు చేర్చే ఎనిమిదో స్థానం కోసం నెలల తరబడి రాత్రులు కూర్చున్న ఇంకో మేనేజర్ ఆ రెండు పాయింట్ల తేడాతోనే దాన్ని పోగొట్టుకుంటాడు. ఇలాంటి లీగ్‌లు డబ్బు లేక మూతపడటం అరుదు, మనుషులు చెప్పాపెట్టకుండా మాయమవడం వల్లే మూతపడతాయి.

కొన్నాళ్లకు మీకూ తీరిక చాలకపోవచ్చు. అప్పుడు కమిషనర్‌కు ముందే చెప్పండి. సీజన్ ముగిసేదాకా లైన్లు పంపండి. ఎవరి ఒప్పందం ఎప్పుడు తీరుతుందో, ఏ పిక్ ఎవరికిచ్చారో, ఏ కుర్రాడి మీద ఆశ పెట్టుకున్నారో ఒక కాగితం మీద రాసి, మీ తర్వాత వచ్చేవారికి అప్పగించి వెళ్లండి.