ఇచ్చట కిడ్నీలు కడగబడును

మా చోడవరంలో వినాయకుడు స్వయంభువు. ఈ మధ్య వైద్యులు కూడా స్వయంభువులే వెలుస్తున్నారు. చదువు, పట్టా, పరీక్ష లాంటి మానవ ప్రయత్నాలేవీ అక్కర్లేదు. తెల్లారేసరికి రోడ్డు పక్కన ఒక బల్ల, బల్ల మీద మిక్సీ, వెనకాల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద చిక్కుడు గింజల్లాంటి రెండు కిడ్నీలు, వాటి మీద జలపాతం. ‘నలభై రోజుల్లో మీ కిడ్నీలు కడిగిన ముత్యాలు’ అని రాసి ఉంటుంది. 2022లో మేం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారాం. జిల్లాతో పాటు కిడ్నీలను కూడా కొత్తవాటిలా చూపించాలన్న ఉబలాటం మాలో బయల్దేరినట్టుంది.

గ్లాసు ముప్పై రూపాయలు. అందులో అరటి దూట రసం, కొండపిండి ఆకు, గుప్పెడు కొత్తిమీర, పైన లేత కొబ్బరి నీళ్లు. చేదు తెలియకుండా ఓ బెల్లం ముక్క. మార్నింగ్ వాక్ బృందం వరసలో నిలబడి, తీర్థం పుచ్చుకున్నట్టు కళ్లు మూసుకుని తాగుతుంది. నేనూ వరసలో నిలబడి, నా వంతు రాగానే ఒక్క ప్రశ్న అడిగాను.

“ఇందులో పొటాషియం ఎంతుంటుంది?”

కొట్టాయన నొచ్చుకున్నాడు. “అలాటి కెమికల్సు మేం కలపం బావూ. అంతా నేచురలే.”

సరే, కడగడం సంగతే చూద్దాం. గొంతు దిగిన రసం నేరుగా కిడ్నీకి పోయే దారి లేదు. కడుపులోకి, పేగుల్లోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి చేరాలి. ఆ రక్తాన్ని శుద్ధి చేయాల్సింది మళ్లీ కిడ్నీలే. అంటే రసంలో వచ్చిన సరుకును కూడా అవే ఏరి, ఎక్కువైంది బయటికి పంపాలి. పెళ్లింట్లో అంట్లు తోముతున్న మనిషికి సాయం చేస్తానని వచ్చి, ఇంకో గంగాళం ఆవిడ ముందు పడేసి పోవడమంటే ఇదే.

ఈ తెలివితక్కువతనానికి మూలం ఒక్కటే. కిడ్నీ అంటే జల్లెడ అనుకోవడం. జల్లెడ అనుకున్నవాడికే దాన్ని కడగాలనిపిస్తుంది. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. మనం విడిచేది లీటరున్నరో, రెండు లీటర్లో. మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. వడకట్టినదాన్ని తిరిగి పిలిచి, ‘నువ్వు ఉండు, నువ్వు పో’ అని తేల్చే జల్లెడను ఎవరైనా చూశారా? అది జల్లెడ పని కాదు, గుమస్తా పని. చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చున్నవాడికి చెరుకు శుభ్రంగా ఉందా లేదా అన్నదొక్కటే పని కాదు, ఎంత వచ్చిందో రాయాలి. గుమస్తాను సబ్బుతో తోమితే లెక్కలు సరిపోవు.

ఆ చిట్టాలో పొటాషియం పద్దు చూడండి. ఒంట్లో ఉన్న పొటాషియంలో నూటికి 98 పాళ్లు కణాల లోపలే ఉంటుంది. బయట రక్తంలో, కణాల మధ్య నీటిలో ఉండేది రెండు పాళ్లే. రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల దాకా ఉండాలి. గుండె లయ ఈ ఇరుకు సందులోనే నడుస్తుంది. మనం ఒక్కరోజు తినే తిండిలో వచ్చే పొటాషియం, కణాల బయట ఉన్న మొత్తంతో దాదాపు సమానం. అయినా అన్నం తిని లేచిన ప్రతివాడూ గుండె పట్టుకుని కూలిపోవడం లేదు. ఎందుకంటే ముందు ఇన్సులిన్ ఆ సరుకును కణాల్లోకి తోసి తాత్కాలికంగా గోదాములో పెడుతుంది. తర్వాత కిడ్నీలు తీరిగ్గా, గంటల తరబడి ఎక్కువైనదాన్ని మూత్రంలోకి వదులుతాయి. ఆల్డోస్టిరాన్ అనే హార్మోను ఇచ్చే ఉత్తరువు ప్రకారం సోడియాన్ని దాచుకుని పొటాషియాన్ని సాగనంపుతాయి. తిన్న పొటాషియంలో నూటికి తొంభై వంతులు పోయేది ఈ దారినే.

గుమస్తా జబ్బుపడితే? దిగుమతి ఆగదు, ఎగుమతి ఆగుతుంది. పద్దు పెరుగుతుంది. దీంట్లో దుర్మార్గం ఏమిటంటే, చాలామందిలో నొప్పి ఉండదు, వాపు ఉండదు. కాళ్లలో కాస్త నీరసం, అదీ ఉంటే ఉంటుంది. ఈసీజీ తీస్తే టీ తరంగాలు గుడారాల్లా లేచి కనిపిస్తాయి. అది చూసేలోగా గుండె ఆగిపోవడమూ జరగవచ్చు.

మా వాకింగ్ బృందంలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. ఇరవై ఏళ్ల షుగరు, బీపీ. క్రియాటినిన్ కూడా పెరిగింది. నలభై రోజుల దీక్ష పూర్తిచేసి, ల్యాబు కాగితం నా చేతిలో పెట్టారు.

“చూసేవా? మొదట్లో పొటాషియం నాలుగున్నర. ఇప్పుడు ఐదు పాయింట్ తొమ్మిది! ఖనిజాలు ఒంటికి పడుతున్నాయి.”

జీవితమంతా పిల్లలకు మార్కులు వేసిన మనిషి కదా, పెరిగిన అంకె ఏదైనా పాసైనట్టే లెక్క. ఆయన్ని ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి, రసం తాగించడానికి ఫ్లెక్సీ పడ్డ శ్రమకు పదింతలు నేను పడ్డాను.

డాక్టరు ఆయనకు చెప్పిన వంట పద్ధతి వినండి. కూరగాయలు ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. ఎందుకంటే పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. మన రసం కొట్టులో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పిప్పి పారబోసి, నీళ్లు అమ్ముతారు!

‘నేచురల్’ అన్న మాట సంగతి కూడా తేల్చుకుందాం. చెరుకు రసంలో పొటాషియం సహజంగానే ఉంటుంది. చక్కెర చేసేటప్పుడు అది చాలావరకు మొలాసిస్‌తో పోతుంది. బెల్లంలో ఉండిపోతుంది. అనకాపల్లి బెల్లాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, పడితే ఊళ్లో బతకలేను. కిడ్నీలు బాగున్నవాడికి బెల్లం ముక్క తంటా తేదు. కొబ్బరి నీళ్లూ అంతే. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్లి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, చుట్టూ కొబ్బరి తోటలే. దశాబ్దాలుగా అక్కడ ఎంతోమంది కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఎందుకో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఆ తోటల మధ్య మనిషి డయాలసిస్‌కు పోయి, ఇంటి పెరట్లో కాసిన బొండం వైపు చూసి తల తిప్పుకోవాలి. కొబ్బరి నీళ్లతో కిడ్నీలు కడుక్కునే వీలే ఉంటే ఆ పల్లెల్లో డయాలసిస్ మంచం ఒక్కటీ అవసరమయ్యేది కాదు.

రక్తంలో ఏది ఎంతుందో కొలవాలన్న పట్టుదల మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1925లోనే ఫిస్క్ అనే సహచరుడితో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు సాయంతో కొలిచే పద్ధతి ప్రకటించాడు. కిడ్నీ గుమస్తా చూసే ఖాతాల్లో ఫాస్ఫరస్ కూడా ఒకటి. ప్రపంచంలో ల్యాబులెన్నో దశాబ్దాల పాటు ఆ పద్ధతిని వాడుకున్నాయి. ఆయన కొలత నేర్పి వందేళ్లయింది. మనం ఇవాళ రుచి చూసి తేలుస్తున్నాం.

పొటాషియాన్ని రాక్షసిని చేయడం కూడా నాకిష్టం లేదు. చైనాలో 600 పల్లెల్లో సుమారు 21 వేల మందితో ఒక అధ్యయనం చేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు ఉప్పులో నాలుగో వంతు తీసి పొటాషియం ఉప్పు కలిపితే పక్షవాతం తగ్గింది. అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్లను వాళ్లు ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. 2025లో ఇలాంటి ఉప్పును సిఫారసు చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ఇది వర్తించదని అదే నోటితో చెప్పింది. నిజమైన మందు ఎవరికి పనికిరాదో కూడా చెబుతుంది. అందరికీ పనికొస్తానంటే అది మందు కాదు, ఫ్లెక్సీ.

కిడ్నీలకు నిజంగా మేలు చేసే పనుల్లో జలపాతాలుండవు. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవడం, నొప్పి మాత్రలు మరమరాల్లా మింగకపోవడం, ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవడం. వీటిని మిక్సీలో వేసి గ్లాసు ముప్పైకి అమ్మలేరు కాబట్టి వీటికి ఫ్లెక్సీ లేదు.

కొట్టు మూయించమని నేననను. ఎవరి పొట్ట వాళ్లది. బోర్డు మాత్రం కొంచెం సవరించమంటాను. ‘ఇచ్చట కిడ్నీలు కడగబడును’ కింద చిన్న అక్షరాల్లో ఇలా రాస్తే చాలు: ‘కిడ్నీలు బాగున్నవారికి అవసరం లేదు. బాగులేనివారికి ప్రమాదం. మిగిలినవారందరికీ స్వాగతం.’