పదిహేను బకెట్ల బెల్లం

ఉత్తర కలకత్తాలో, అదీ బాగ్‌బజార్‌లో, మిఠాయి కొట్టు పైవాటాలో అద్దెకుంటున్నామంటే మా చుట్టాలకు నోరూరుతుంది. 1868లో నబీన్ చంద్ర దాస్ రసగుల్లా చేసింది ఈ పేటలోనేనని ఇక్కడివాళ్ళు పాలమీద ఒట్టేసి చెబుతారు. (ఒడియా మిత్రుల దగ్గర ఈ మాట ఎత్తకండి. 2017లో బెంగాల్‌కు, 2019లో ఒడిశాకు ఎవరి రసగుల్లాకు వాళ్ళకు భౌగోళిక గుర్తింపు ఇచ్చేసి సర్కారు చేతులు దులుపుకుంది.) చుట్టాలకు తెలియంది ఏమిటంటే, కింద తెల్లవారుజాము నుంచి రాత్రి కొట్టు కట్టేదాకా పొయ్యిలమీద పాకం కుతకుతలాడుతూనే ఉంటుంది, పైన మాకు స్నానానికి చెంబెడు వేణ్ణీళ్ళు దొరకవు. ఉతికి ఆరేసిన చొక్కాకు చీమలు పడతాయి, అదొక్కటే మాకు దక్కిన పాకం.

ఇల్లు పాతది, కరెంటు తీగలు ఇంకా పాతవి. బకెట్లో హీటర్ రాడ్ పెట్టామంటే కింద ఫ్రిజ్ ఆగిపోతుంది. ఫ్రిజ్ ఆగితే మిష్టీ దొయి (తీపి పెరుగు) నీరుగారుతుంది, దాన్ని చూసి కొట్టు యజమాని కూడా అయిన ఇంటాయన నీరుగారిపోతాడు. స్నానాలగదిలో గ్యాస్ గీజర్ బిగించుకుందామంటే ఆ గదికి కిటికీ లేదు. గాలి ఆడని గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. రంగూ లేదు, వాసనా లేదు, చలికాలం వచ్చిందంటే స్నానాలగదుల్లో మనుషుల్ని పొట్టన పెట్టుకున్న కబురు పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. వేణ్ణీళ్ళ కోసం వెళ్ళి ప్రాణానికి నీళ్ళొదులుకోవడం నాకిష్టం లేదు.

డిసెంబరు వచ్చేసరికి పేపర్లో అలీపూర్ వాతావరణ కేంద్రం లెక్క పదమూడు, పద్నాలుగు డిగ్రీలకు దిగుతుంది. లంబసింగివాళ్ళు దీన్ని చలి అనరు. కలకత్తా అంటుంది. ఊరు ఊరంతా మంకీ క్యాపుల్లో దూరి, కళ్ళు మాత్రమే బయటపెట్టి, ఆ కళ్ళతోనే ‘ఏం చలి, ఏం చలి’ అనుకుంటుంది. ఒక్క మా ఇంటాయన మాత్రం డిగ్రీ తగ్గినకొద్దీ వికసిస్తాడు. రాత్రి ఎంత చల్లగా, ఆకాశం ఎంత నిర్మలంగా ఉంటే ఖేజూర్ రసం అంత బాగా దిగుతుంది. రసం బాగుంటే నొలెన్ గుడ్, అంటే కొత్త బెల్లం, బాగుంటుంది. గుడ్ బాగుంటే ఆయన సందేశ్ ముందు క్యూ వీధి మలుపుదాకా పోతుంది. మనం వణుకుతుంటే ఆయన గల్లాపెట్టె వెచ్చబడుతుందన్నమాట.

ఖేజూర్ అంటే మరేదో చెట్టు కాదు, మన ఈత చెట్టే. చెట్టెక్కేవాణ్ణి ఇక్కడ శియులీ అంటారు. సాయంత్రం మెడ దగ్గర చెక్కి కుండ కడతాడు, తెల్లారకముందే దించుతాడు, ఎండ పొడ తగిలి పులిసేలోపు పొయ్యి ఎక్కించేస్తాడు. మనవాళ్ళూ అదే చెట్టుకు అదే కుండ కడతారు. కాకపోతే పులిసేదాకా ఓపిక పడతారు. ఆ కాస్త ఓపికలోనే వాళ్ళది మిఠాయి కొట్టూ మనది కల్లు దుకాణమూ అయ్యాయి. శియులీకి గ్యాసుతో పనిలేదు, ఎండిన ఈతమట్టలూ గడ్డీ ఉంటే చాలు. కుండలు శుభ్రం చెయ్యడానికి వేణ్ణీళ్ళ బెడదా లేదు, కడిగి మంటమీద పొగబెట్టి ఆరబెడతాడు.

కొట్టువాడికి అలా కుదరదు. బెల్లం పాకం అడుగంటి గట్టిపడ్డ బాణలిని చన్నీళ్ళతో తోముతుంటే కొట్టు పనివాళ్ళు, కారీగర్ల చేతులు కొంకర్లుపోతాయి, పాకం మాత్రం చెక్కుచెదరదు. పొయ్యిమీద నీళ్ళు కాచుకుందామా అంటే సీజన్లో ఒక్క పొయ్యి ఖాళీ ఉండదు. దాంతో ఇంటాయన ఈ ఏడు ఎక్కడినుంచో ఒక చిన్న గ్యాస్ గీజర్ పట్టుకొచ్చాడు. చేతిసంచిలా పిడి ఉంది, కింద ఐదు కిలోల సిలిండరు, పక్కన షవరు గొట్టం. పెరట్లో కుళాయి ఉన్న కల్‌తలా గోడకు, ఆరుబయట, మేకు కొట్టి తగిలించాడు. కెనడాలో మేపుల్ చెట్ల రసం కాచే పాకల్లో ఇలాంటివే పెట్టుకుంటారట, నాకు గర్వంగా చెప్పాడు. అక్కడ ప్రొపేనే పోయాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది, ప్రొపేన్ మైనస్ నలభైలో కూడా ఆవిరవుతుంది. మన సిలిండర్లో రెండూ కలిపే ఉంటాయి. అలీపూర్ చలికి బ్యూటేన్ కూడా నవ్వుకుంటుంది.

గిన్నెల కోసం వచ్చిన గీజరు మూడు రోజుల్లో వీధి సొత్తయింది. తెల్లవారగానే బాణలి, దాని వెనక మా బకెట్టు, దాని వెనక మేడమీది పెద్దావిడ మాశీమా బిందె, ఆ వెనక పక్కింటి కుర్రాడి షేవింగ్ మగ్గు. మర్యాదలో బాణలిదే మొదటి వరస. ఈ ఊళ్ళో నిప్పుమీద మొదటి హక్కు పంచదారది, మనిషిది తరవాత.

యంత్రం మంచిదే, కాస్త అభిమానం ఎక్కువ. లోపల రెండు బ్యాటరీలు, ఒక రబ్బరు పొర ఉంటాయి. నీళ్ళు జోరుగా తోస్తేనే ఆ పొర కదులుతుంది, పొర కదిలితేనే గ్యాసు తెరుచుకుంటుంది, బ్యాటరీలు టిక్‌టిక్ మని నిప్పురవ్వ వేస్తాయి. జోరు తగ్గిందా, మంట ఠక్కున ఆరిపోతుంది. కూతవేటు దూరంలో 1911 నాటి టాలా ట్యాంకు ఉంది. 110 అడుగుల ఎత్తున 90 లక్షల గ్యాలన్ల నీళ్ళు మోస్తూ నిలబడింది. లెక్క ప్రకారం ఆ ఎత్తునుంచి దిగే నీళ్ళు గోడలు తోసెయ్యాలి. మా కల్‌తలాకు చేరేసరికి అవి రిటైరయిన గుమాస్తాలా ఈడ్చుకుంటూ వస్తాయి.

భోగినాడు తలంటు మానడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ ద్వారా తెప్పించిన కుంకుడుకాయలు కొట్టింది, నువ్వులనూనె పట్టించింది, గంఛా తువ్వాలు కట్టుకుని కల్‌తలాలో కూచున్నాను. చుట్టూ కారీగర్లు బాణళ్ళు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. తెల్లారితే పౌష్ సంక్రాంతి కదా, బెంగాలీలకు పిఠేల (పిండివంటల) పండగ, ముందురోజు నుంచే కొట్టులో గుడ్ ఏరులై పారుతుంది. కుంకుడు నురగ కళ్ళలోకి దిగుతున్న శుభసమయాన మేడమీద మాశీమా పాటిసప్తా అట్ల పెనం కడగడానికి కుళాయి తిప్పింది. టిక్ టిక్ టిక్, మంట ఆరింది. గొట్టంలోంచి గంగమ్మ తల్లి నెత్తిమీద చల్లగా దిగింది.

“ఏమండీ, మాశీమా కుళాయి తిప్పిందండీ!” అని మా ఆవిడ పైనుంచి కేకేసింది. ఆ సంగతి నాకంటే ముందు ఎవరికి తెలుస్తుంది? కళ్ళు మూసుకునే ఉన్నాను గానీ కారీగర్ల నవ్వు వినిపిస్తూనే ఉంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నవాడు ఆ తోడు అడక్కుండా వస్తే ఎలా ఉంటుందో చెప్పలేదు.

ఆ కసితోనే సాయంత్రం కాగితం ముందేసుకుని లెక్క కట్టాను. బ్యాంకులో పనిచేసేవాడికి కోపం వస్తే ఇంతకంటే ఏం చేస్తాడు! పదిహేను లీటర్ల బకెట్టును ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి నలభై గ్రాముల లోపు గ్యాసు చాలు. అదే ఒక్క లీటరు చల్లటి నీటిని మరిగించి పూర్తిగా ఆవిరిచేసి పంపాలంటే రెండు బకెట్ల స్నానానికి పట్టినంత వేడి కావాలి. కిలో బెల్లం దిగాలంటే ఎనిమిది నుంచి పది లీటర్ల ఖేజూర్ రసం కాచాలి. అంటే నీరు ఎనిమిది లీటర్ల దాకా ఆకాశానికి పంపినట్టు. మేపుల్ వాళ్ళు ఇంకా ఘోరం, నలభై లీటర్లు కాస్తే లీటరు పాకం! ఎటు తిప్పి చూసినా కిలో పాటాలి గుడ్ (బెల్లం అచ్చు) వెనక రమారమి పదిహేను బకెట్ల వేణ్ణీళ్ళ స్నానాలు ఉన్నాయి.

కాగితం పట్టుకుని కిందికి దిగాను. ఇంటాయన జయనగర్ మోవా పేరుస్తున్నాడు. కనక్‌చూర్ పేలాల్లో నొలెన్ గుడ్ కలిపి కట్టే ఉండ అది. 2015లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. లెక్కంతా శ్రద్ధగా విన్నాడు. “కిలోకి పదిహేను బకెట్లా, దాదా?” అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. మంకీ క్యాపు వెనక్కి తోసి తల గోక్కున్నాడు. మనసు కరిగింది, రేపటినుంచి మా బకెట్టుకు మొదటి వరస ఖాయం అనుకున్నాను.

మర్నాడు పాటాలి కిలోకి నలభై రూపాయలు పెరిగింది. ఎందుకయ్యా అని ఒక ముసలాయన దబాయిస్తే ఇంటాయన నావైపు చెయ్యి చూపించి, “ఆ మద్రాసీ దాదా బ్యాంకువాడు, అడగండి. కిలోలో పదిహేనుమంది స్నానం కలిసి ఉంది” అన్నాడు. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, స్నానం సంగతి తనకు అనవసరమనీ, అరకిలో తుయ్యమనీ అన్నాడు.