జీపుకు వకాల్తా

నెల్లూరు జీపు సోదరులారా!

మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది. బ్యాంకులో అప్పు చేసి, ఇంట్లో మాటలు పడి, నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నారు. మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద వాననీళ్ళు నిలిచిన రోజు తప్ప పనిపడని ముక్కుగొట్టం (స్నార్కెల్) ఒకటి దానికి బిగించారు. అంతా చేసి, ఇసుకలోకి దిగే వేళకు దొంగల్లా అటూ ఇటూ చూసుకుంటున్నారు. పోలీసు ఈల వినిపిస్తే బండి తిప్పేస్తున్నారు. ఇదేం బతుకండీ?

కొత్త థార్ మార్కెట్లోకి వచ్చిన తేదీ గుర్తుందా? 2020 అక్టోబరు 2. సముద్రపొడ్డున పిడికెడు ఉప్పు తీసుకునే హక్కు కోసం 1930లో దండి దాకా నడిచిపోయిన పెద్దమనిషి పుట్టినరోజది. ఆయన నడిచాడు, మీరు తోలుతున్నారు. ఇద్దరూ పోయేది సముద్రం దాకానే. కాకపోతే ఆయన బారిష్టరు అయ్యుండీ కేసు వెయ్యకుండా జైలుకు పోయాడు. మీరు ఆ తప్పు చెయ్యబాకండి. కేసు మీరే వెయ్యండి. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆదివారం సాయంత్రం మైపాడు తీరంలో జరిగేది మీకు తెలియంది కాదు. బండి తడి ఇసుక మీదికి దిగుతుంది. ఒకడు ఫోను పట్టుకుని నీళ్ళలో వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు. అల వచ్చి టైరును తాకగానే లోపలున్న వీరుడు యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఇసుక లేస్తుంది, బండి కూర్చుంటుంది. ఇంకా తొక్కుతాడు, ఇంకా కూర్చుంటుంది. చివరికి జాలర్ల పట్టపుపాళెం నుంచి పడవలు లాగే ట్రాక్టరు రావాల్సి వస్తుంది.

"తొక్కబాకండి సార్, ఇంకా దిగబడిద్ది. ముందు టైర్లలో గాలి తియ్యండి" అంటాడు ట్రాక్టరు మీద కూర్చున్నాయన.

"గాలి తీస్తే వీడియోలో బండి పొట్టిగా కనపడుద్ది అన్నా" అంటాడు వీరుడు.

నాలుగు చక్రాలూ లాగే బండిని రెండు చక్రాలు లాగే ట్రాక్టరు గట్టెక్కిస్తుంది. వీడియోలో మాత్రం ట్రాక్టరు ఉండదు. తాడు కట్టిన చెయ్యి అసలే ఉండదు.

ఈ అవమానమంతా ఎందుకంటే మీకు ఒక సంఘం లేదు, ఆ సంఘానికి ఒక వకీలు లేడు. అదే అమెరికాలో అయితే కథ వేరు. అక్కడ ప్రభుత్వ భూముల్లో ఇలాంటి బండ్లు ఎక్కడ తిరగొచ్చో, ఎక్కడ కూడదో గీత గీయమని అధ్యక్షుడు నిక్సన్ 1972లోనే ఉత్తర్వు ఇచ్చాడు. గీత గీసిన చోటల్లా దావా పుట్టింది. యూటా రాష్ట్రంలో మోయాబ్ ఊరి దగ్గర 2023లో 317 మైళ్ళ దారులు బండ్లకు మూసేస్తే, 1987లో ఐడహోలో పుట్టిన బ్లూరిబ్బన్ కోయలిషన్ వాళ్ళు కోర్టుకెక్కారు. మూసిన దారే నెల్లూరు నుంచి హైదరాబాదు దాటిపోయేంత. తెరిచి ఉంచింది దానికి రెండింతలకు పైమాటే. అయినా అన్యాయం అన్యాయమే కదా!

కాలిఫోర్నియాలో ఓషియానో ఇసుక దిబ్బలున్నాయి. మూడేళ్ళలో అక్కడ బండ్లు ఆపాలని 2021 మార్చిలో తీర కమిషన్ తీర్మానించింది. ఒక సంఘం దాని మీద దావా వేసింది, 2023లో కింది కోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఆ సంఘం పేరు ఫ్రెండ్స్ ఆఫ్ ఓషియానో డ్యూన్స్. చక్రాల కింద నలిగే దిబ్బకు చక్రాలవాళ్ళే మిత్రులు! మీ సంఘానికి పేరు పెట్టేటప్పుడు ఈ సంస్కారం గుర్తుంచుకోండి. 'మైపాడు తాబేళ్ళ అభిమాన సంఘం' ఎలా ఉంది?

వీటన్నిటికీ తలమానికం నార్త్ కరోలినాలోని కేప్ హ్యాటరస్ తీరం. పక్షులు, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో కొన్నిచోట్లకు బండ్లు రాకూడదని 2012లో అక్కడి నేషనల్ పార్కుల శాఖ నిబంధన పెట్టింది. బండ్లవాళ్ళ కూటమి వెంటనే దావా వేసింది, 2014లో ఓడింది. మనమైతే అక్కడితో ఊరుకుంటాం. వాళ్ళు ఊరుకోలేదు. అదే ఏడు డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన రక్షణశాఖ బిల్లులో ఓ మూల ఒక సెక్షన్ వచ్చి కూర్చుంది. ఆ తీరంలో ఆంక్షల దూరాలను మళ్ళీ చూసి సడలించమని దాని సారాంశం. యుద్ధ విమానాలు, జలాంతర్గాములు, వాటి వెనకాలే ఇసుకలో జీపులు! దేశ రక్షణ అంటే ఏమిటో మనకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఇది చదివి అమెరికావాళ్ళ తెలివికి ముచ్చటపడిపోకండి. కోర్టులో ఓడి చట్టసభలో గెలిచే విద్యలో మన తీరం వాళ్ళకంటే తొమ్మిదేళ్ళు ముందుంది. మీ అసలు గురువులు మోయాబ్‌లో లేరు, మన రొయ్యల గుంటల గట్ల మీదే ఉన్నారు.

తొంభైల మొదట్లో టైగర్ రొయ్య అంటే బంగారం. కండలేరు క్రీకు వెంబడీ, తీరం పొడవునా గుంటలు తవ్వారు. సముద్రానికి పోయే బాటకు అడ్డంగా కట్ట లేచింది, కట్ట మీద కంచె లేచింది. చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఉప్పుతేలాయి. తమిళనాడుకు చెందిన ఎస్.జగన్నాథన్ అనే సర్వోదయ పెద్దాయన 1994లో సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పిచ్చింది. తీర నియంత్రణ జోన్‌లో రొయ్యల గుంటలు ఉండటానికి వీల్లేదంది. పాతకాలపు పద్ధతిలో సాగేవి మినహా మిగతావన్నీ 1997 మార్చి 31 లోపు కూల్చాలంది. పులికాట్ సరస్సు చుట్టూ, నేలపట్టు పక్షుల చెరువుతో సహా, వెయ్యి మీటర్ల లోపల ఒక్క గుంటా కనపడకూడదంది. గ్రామ ఉమ్మడి భూమినీ, ఉప్పుమళ్ళనూ రొయ్యకు ఇవ్వొద్దంది. పని పోయే కూలీలకు ఆరేళ్ళ జీతం ఇవ్వమంది. ఇంతకంటే స్పష్టంగా తెలుగులో తిట్టడం కూడా కష్టం.

తర్వాత ఏం జరిగింది? సమీక్ష పిటిషన్లు పడ్డాయి. కూల్చివేత ఆగింది. గడువు వచ్చింది, పోయింది. గుంట గుంటలాగే ఉంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. అందులో 27వ సెక్షన్ చదవండి సోదరులారా, పటం కట్టించుకోండి. తీర నియంత్రణ నోటిఫికేషన్‌లోని నిషేధం తీరప్రాంత ఆక్వా సాగుకు వర్తించదట. ఎప్పటి నుంచి? చట్టం వచ్చిన రోజు నుంచి కాదు, ఆ నోటిఫికేషన్ పుట్టిన 1991 ఫిబ్రవరి 19 నుంచే! అంటే 1996లో సుప్రీంకోర్టు ఏ నేరాన్ని చూసి కళ్ళెర్రజేసిందో, ఆ నేరం అసలు జరగనే లేదు. మీ బండి రివర్సు గేరులో ఎంత దూరం పోతుంది? ఆ సెక్షన్ పద్నాలుగేళ్ళు వెనక్కి పోయింది, ఎక్కడా దిగబడకుండా.

అక్కడితోనూ ఆగలేదు. 2023 ఆగస్టులో ఆ చట్టాన్ని సవరించి, ఉన్న మూడేళ్ళ జైలు శిక్షను కూడా తీసేసి జరిమానాతో సరిపెట్టారు.

(ఇక్కడ రెండెకరాల గుంట కౌలుకు తీసుకుని, 1994-95లో తెల్లమచ్చ తెగులొచ్చి నిలువునా మునిగిన రైతును నేనేమీ అనటం లేదు. ఆయన ఢిల్లీ చూసిందే లేదు. సెక్షన్లు ఆయన రాయించినవి కావు.)

సరే, మీ పిటిషన్ సంగతికొద్దాం. రాజ్యాంగం 19(1)(డి) దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు ఇచ్చింది. నాలుగు చక్రాల మీద అని రాయలేదు. రాజ్యాంగ సభలో జీపులున్నవాళ్ళు తక్కువై ఉంటారు. ఆ లోటు మీ వకీలు పూడుస్తాడు. రొయ్యల తీర్పు తర్వాత రెండోరోజునే, 1996 డిసెంబరు 13న, అదే జస్టిస్ కుల్దీప్ సింగ్ కమల్‌నాథ్ కేసులో ఇంకో తీర్పిచ్చాడు. నదులు, సముద్ర తీరాలు, అడవులు ప్రజలవి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అన్నాడు. ఆ మాట మీరు ధైర్యంగా వాడుకోవచ్చు. ధర్మకర్తల చేతిలో పడ్డ గుడిమాన్యాలు ఏమయ్యాయో చూసిన జిల్లా మనది. జడ్జిగారు ఏ ఉద్దేశంతో అన్నా, మనకు అర్థమయ్యేదే మనకు అర్థమవుతుంది.

పిటిషన్‌లో వృద్ధులనూ వికలాంగులనూ తప్పకుండా చేర్చండి. నడవలేనివాళ్ళు సముద్రం చూడాలంటే బండి పోవాలి కదా అని అమెరికాలో వాదిస్తారు. మైపాడుకు ఆటోలో వచ్చి, మనవడి భుజం పట్టుకుని నీళ్ళ దాకా పోయే అవ్వను మీరు ఇంతవరకు ఎందుకు బండెక్కించుకోలేదని ఎదుటి వకీలు అడిగితే, ఆమె చీరకు ఇసుక ఉంటుందనీ సీటు కవరు కొత్తదనీ చెప్పండి.

ప్రతివాదుల విషయంలో కంగారేం లేదు. మొదటి ప్రతివాది తాబేలు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు మన ఇసుకలోకి వచ్చి, అడుగున్నర లోతు గుంట తీసి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి పోతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో వాటిది మొదటి షెడ్యూలు, పులితో సమానం. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో అవి గుడ్లు పెట్టే చోటుకూ ఇసుక దిబ్బకూ అన్నిటికంటే గట్టి కట్టడి. అయినా తాబేలుకు పంపిన నోటీసు చిరునామాదారు లేరని వాపసొస్తుంది. గుడ్డు పగలడానికి నెలన్నర పైన పడుతుంది, ఈలోపు మీకు స్టే వచ్చేస్తుంది. పిల్ల బయటికొచ్చేసరికి రెండంగుళాలు కూడా ఉండదు. మీ టైరు చేసిన గాడి దానికి పంటకాలువంత. అందులో పడితే ఎక్కలేదు, గాడి వెంటే పాకుతుంది. తెల్లారేసరికి కాకి వస్తుంది, కుక్క వస్తుంది. ప్రతివాది గైర్హాజరు, కేసు ఎక్స్‌పార్టీ.

రెండో ప్రతివాది పట్టపుపాళెం మనిషి. వల ఆరేసేదీ, చేపలెండబెట్టేదీ, పడవ లాగేదీ ఈ ఇసుక మీదే. ఆయన తాత కాలం నుంచీ ఇంతే. ఆ తాత పేరున అడంగల్‌లో ఒక్క గీత లేదు. అంతా పోరంబోకు. 'నీ హక్కుకు కాగితమేది?' అని అడిగితే వల చూపిస్తాడు. కోర్టులో వల చెల్లదు. వాయిదాకు పోవాలంటే ఆయనకు ఒకరోజు వేట పోతుంది, మీకు ఒక వీడియో మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఈ సార్వజనిక హక్కు మాట మైపాడు, కోడూరు, తూపిలిపాళెం ఇసుకలోనే వాడండి. కృష్ణపట్నం రేవు గోడ దగ్గర వాడబాకండి. శ్రీహరికోట గేటు దగ్గర అసలే వద్దు. 1971 నుంచి అక్కడ రోడ్డు వదిలి పోయినవి రాకెట్లు మాత్రమే. బలమైన కంచె కనిపిస్తే మన స్వేచ్ఛాసంచారం ఎప్పుడూ సర్దుకుపోతుంది. ఎదురుగా కంచె లేని మనిషి ఉన్నప్పుడే అది రాజ్యాంగబద్ధమవుతుంది.

మోయాబ్‌లో అయినా మైపాడులో అయినా 'ఈ భూమి ప్రజలది' అని కోర్టులో వినిపించేది వకీలు ఫీజు కట్టగలిగినవాడి గొంతే. ఫీజు కట్టలేనివాళ్ళ తరఫున ఒక ముసలాయన ఒక్కసారి గెలిచాడు. ఆ గెలుపును పార్లమెంటు, నోటిఫికేషన్ పుట్టిన తేదీ దాకా వెనక్కి పోయి, చెరిపేసింది.

మీ దావా విచారణకు వచ్చేలోపు రెండు పనులు చెయ్యండి. జనవరి నుంచి మార్చి దాకా బండి తారు రోడ్డు చివరే ఆపి, నీళ్ళ దాకా నడవండి. దారిలో వల ఆరేసి ఉంటే చుట్టు తిరిగి పోండి.