యాట్ బావ

వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ఈ వారం ఏ ధర పలుకుతోందో తెలుసుకోవాలంటే బోగోలులో ఏ కొనుగోలుదారుకీ ఫోన్ చెయ్యనక్కర్లేదు. యాట్ బావ పడవ ఇప్పుడు ఎన్ని అడుగులుందో కనుక్కుంటే చాలు. ధర బాగున్న వారం అది 80 అడుగులు. పై డెక్కు మీద వేణ్ణీళ్ళ తొట్టి, నలుగురు సిబ్బంది, వాళ్ళలో ఒకడు ఫ్రెంచి వంటవాడు. ధర జారితే 60. ఇంకా జారితే 42 అడుగుల జంట పొట్టల తెరచాప పడవ. అప్పుడు వంటవాడు దిగిపోతాడు, వంటకు మా అక్క మిగులుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించిన వారం టీకొట్టు దగ్గర బావను కదిపి చూశాను. "యాటెందుకు లేబ్బా, ఫైబర్ బోటుకు పట్ట కట్టినా నీడే కదా" అన్నాడు. ధర ఎంత పడిందో నాకు పేపరు చూడకుండానే తెలిసిపోయింది.

బావ అంటే ఒక్క మా బావే కాదు. కావలి మొదలు ముత్తుకూరు దాకా రొయ్యల గుంటల గట్ల మీద నడిస్తే ఇలాంటి వాడు కనీసం ఒకడైనా ఎదురవుతాడు. ఒకడికి స్విట్జర్లాండు మంచు, ఇంకొకడికి దుబాయి ఎడారి. మావాడికి ద్వీపాలు. అందులోనూ సొంతంగా అద్దెకు తీసుకున్న యాట్ మీద, వారం రోజులు, ఒక ద్వీపం దగ్గర కాఫీ తాగి ఇంకో ద్వీపం దగ్గర భోంచెయ్యాలి. 2022లో విశాఖపట్నానికి పెద్ద క్రూయిజ్ ఓడ వచ్చినప్పుడు, అదేదో ఎక్కేసి రావచ్చు కదా అని ఊరంతా అన్నారు. బావ ముఖం చిట్లించాడు. "వెయ్యిమందితో పోతే ఇంక మన సొంతం అనేదానికి ఏముండాది? బాత్రూముకు తలుపుండాదనా?"

ఆయన ప్లాను గాలి కబురు కాదని మొదటే చెప్పాలి. మేత లెక్కల పుస్తకం వెనకనుంచి తిరగేస్తే ముప్పై పేజీలు యాట్‌వే. సిబ్బంది లేకుండా ఉత్త పడవ ఇచ్చే పద్ధతి ఒకటి, నడిపేవాణ్ణి మాత్రమే ఇచ్చేది ఇంకొకటి, అందరినీ ఇచ్చేది మూడోది. మూడింటికీ మూడు రంగుల పెన్నులు. వాళ్ళు చెప్పే అద్దె అసలు ఖర్చు కాదనీ, డీజిలుకు, సరుకులకు, రేవు రుసుములకు అద్దెలో 30 శాతం అటూ ఇటూగా ముందే కట్టించుకుంటారనీ, దిగేటప్పుడు సిబ్బందికి పదో పదిహేనో శాతం బక్షీసు కూడా ఇయ్యాలనీ ఈ చుట్టుపక్కల తెలిసినవాడు ఆయనొక్కడే. సాఫ్ట్‌వేరు చదివిన మేనల్లుడికి ఈ సంగతి రెండుసార్లు చెప్పినా ఎక్కలేదు. బావకు సగం మాటలోనే ఎక్కింది. "దీంట్లో తెలీనిదేముండాది? గుంట లీజు వేరే, మేత వేరే, జనరేటర్ డీజిల్ వేరే, రొయ్య పట్టుబడి రోజు కూలోళ్ళకు బిరియానీ వేరే. వాళ్ళది నీళ్ళ మీద గుంట, అంతే."

ఇక ఫోనులో మాల్దీవుల బొమ్మలు చూసే తీరు ఒకటుంది. మనమైతే ఆ నీలం చూసి అబ్బ అంటాం. ఆయన బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసి, నీటి అడుగున ఇసుక కనిపిస్తుంటే పెదవి విరుస్తాడు. "నీళ్ళు రంగు కట్టలేదు. ప్లాంక్టన్ లేదు దీంట్లో. ఒక అడుగు, అడుగున్నర లోతు దాటి కనపడకూడదు. ఇట్టాంటి నీళ్ళలో పిల్లేస్తే మేత ఖర్చుకు కొంపలమ్ముకోవాల." ఇదంతా ఆయన సరదాగా అనే మాట కాదు. నిజంగా బాధపడతాడు.

ఎప్పుడు పోవాలనేది తేలని లెక్క. మాల్దీవులైనా అండమాన్ అయినా సముద్రం నెమ్మదిగా ఉండేది డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. సరిగ్గా అప్పుడే ఇక్కడ గుంటలు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్ళు పెట్టి మొదటి పంటకు పిల్ల వదలాలి. పిల్ల వదిలాక 110 రోజులు కదలడానికి లేదు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది, ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ అందుకునే లోపలే పంట తేలిపోతుంది. అందుకే బావ హైదరాబాదులో సొంత తోడల్లుడి కూతురి పెళ్ళికి పోయి, తలంబ్రాలు పడీపడకముందే రైలెక్కి బిట్రగుంటలో దిగినవాడు. పంట తీసి ఊపిరి పీల్చుకునేసరికి అక్కడ నైరుతి రుతుపవనం. రెండో పంట అయ్యేసరికి ఇక్కడ ఈశాన్య రుతుపవనం, వాయుగుండాలు. మధ్యలో కొండబిట్రగుంట వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాల్లో వీళ్ళింటి ఉభయం ఒకటి. పన్నెండు నెలల క్యాలెండరును ఎర్ర పెన్నుతో కొట్టుకుంటూ వస్తే చివరకు యాట్‌కు మిగిలేది క్రాప్ హాలిడే ఒక్కటే. అది రైతులు ధర లేక గుంటలు ఎండబెట్టినప్పుడు వచ్చే సెలవు. అప్పుడు తీరిక ఉంటుంది, డబ్బుండదు.

ఇందులో నాకు భలే అనిపించేది ఒకటుంది. ఇప్పుడు మనం పెంచే వనామీ రొయ్య ఇక్కడిది కాదు, పసిఫిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డుది. 2009లో మన ప్రభుత్వం అనుమతించాక దాని తల్లి రొయ్యలు హవాయి దీవుల్లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి, మద్రాసులో కొన్నాళ్ళు క్వారంటైన్‌లో ఉండి హేచరీలకు పోతాయి. పిల్ల పెద్దదై, తల తీయించుకుని, మంచు పెట్టెలో పడుకుని ఓడలో అమెరికా చేరుతుంది. అంటే తల్లి హవాయి చూసొచ్చింది, బిడ్డ సముద్రాలు దాటుతోంది, మధ్యలో 110 రోజులు టార్చిలైటు పట్టుకుని దానికి కాపలా కాసే మనిషి మాత్రం కావలికి పోయినా రాత్రి పది లోపల గట్టు మీదికి రావాల్సిందే.

యాట్ వాళ్ళు పంపే ఇష్టాయిష్టాల పత్రం గురించి చెప్పకపోతే బావ సగమే చెప్పినట్టు. ఎక్కబోయే ప్రతి మనిషీ ఏం తింటాడు, ఏం తాగుతాడు, దిండు మెత్తనిదా గట్టిదా, ఏం పడదు, అన్నీ రాసియ్యాలట. అది తెచ్చి ఒక ఆదివారం ఇంటిల్లిపాదినీ నడవలో కూర్చోబెట్టాడు.

"ఏం పడదో చెప్పండి."

"రొయ్య అని రాయి," అంది అక్క. "ఆ వారమన్నా దాని మొఖం చూడకుండా ఉండాల."

"నాకు శనివారం నీసు లేదు," అన్నాడు బామ్మర్ది.

"పొద్దున కారం దోసె," అన్నాడు పెద్దల్లుడు.

"ఫ్రెంచోడికి కారం దోసె ఎట్టా వస్తది?"

"పులుసు కూడా రాదా? మామిడికాయేసి చేపల పులుసు పెట్టడం రానోడికి అంత జీతమా?" అక్క పత్రం లాక్కుంది. "అయితే పొయ్యి కాడ నేనే. ఇంట్లో చేసేదానికీ దానికీ తేడా ఏందంట?"

"కిటికీలో నుంచి ద్వీపాలు కనపడతాయి."

"పులుసు మరుగుతున్నప్పుడు కిటికీలోకి ఎవురు చూస్తారయ్యా?"

చెప్పులు విడిచి ఉత్త కాళ్ళతో ఎక్కాలన్న నియమం ఒక్కటే అక్కకు నచ్చింది. మిగిలింది గదుల పంపకం. నాలుగు గదుల్లో పెద్దది ఇల్లరికపు అల్లుడికా, అమెరికా అల్లుడికా అన్న మాట రాగానే ఇద్దరు కూతుళ్ళూ వారం రోజులు ఒకరి ఫోను ఒకరు ఎత్తలేదు. లంగరు ఎత్తకముందే ఇంత జరిగింది గనక, ఆ యాట్ నిజంగా కదిలి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీప్ పోవడం, మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు నోరు జారి సస్పెండ్ కావడం జరిగినప్పుడు బావ దేశభక్తి చూడాల్సింది. 'మాల్దీవ్స్ ఫ్యామిలీ' అనే వాట్సాప్ గ్రూపు ఆ సాయంత్రానికే 'జై లక్షద్వీప్' అయింది. రెండో రోజు ఎవరో, అక్కడ మద్య నిషేధం, బంగారం అనే ఒక్క ద్వీపంలోనే సడలింపు ఉండేది అని పెట్టారు. ముగ్గురు బామ్మర్దులు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు. దేశం ముఖ్యమా మందు ముఖ్యమా అని బావ ఒక పొడుగాటి వాయిస్ మెసేజి పెట్టి, మధ్యేమార్గంగా అండమాన్‌కు మార్చాడు. అక్కడ ఎనిమిది వందలకు పైగా దీవులు, దేశంలో నిప్పు కక్కే ఒకే ఒక్క అగ్నిపర్వతం, కావలసినంత మంది తెలుగువాళ్ళు. ఇక వంక పెట్టడానికి ఏమీ లేదు అనుకుంటుండగా, మంచంలో ఉన్న ముసలమ్మ అండమాన్ అనే మాట మాత్రం విని గుండె బాదుకుంది. "ద్వీపాంతరం ఏసినారా నా కొడుక్కి? ఏం నేరం చేసినాడయ్యా? ఆ లీజు కాయితాలేనా?" ఆమె కాలం వాళ్ళకు ఆ దీవులంటే సెల్యులర్ జైలే. విహారం అని నచ్చజెప్పడానికి పూట పట్టింది. అప్పటికీ, బెయిలు సంగతి చూడమని మనవణ్ణి చాటుగా పిలిచి చెప్పింది.

వీళ్ళ వంశంలో పడవ మీద నిద్రపోయిన మొనగాడు తాత ఒక్కడే. ఆయన బకింగ్‌హాం కాలువలో సర్వికట్టెల పడవెక్కి మద్రాసు పోయి వచ్చేవాడు. 1877-78 కరువులో గంజికి పనిచేసిన జనం మద్రాసు దగ్గర కొంత ముక్క తవ్విన కాలువ అది, పేరు మాత్రం గవర్నరు దొరది. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టున మనుషులు తాడు పట్టి లాగడం. దారిపొడుగునా ఆగి వంట, వెన్నెట్లో పడక. ఇవాళ బావ లక్షలు పోసి అడుగుతున్నదంతా ఆయన కట్టెల మీద పడుకుని, కూలి పుచ్చుకుని మరీ అనుభవించాడు. నాయన తరానికి టైగర్ రొయ్య వచ్చింది. 1990ల మొదట్లో ఆ డబ్బు చూసి ఆయన విమానంలో కాశీకి పోదామని ప్లాను వేశాడు. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఊడ్చుకుపోయాయి, 1996 డిసెంబరులో తీరం అంచు చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆయన కాశీకి పోయాడు గానీ, రైల్లో, అదీ చాలా ఆలస్యంగా, చెంబులో.

నడిపేవాడు మనవాడైతే ఖర్చు కలిసొస్తుందని ఒకసారి బావ జువ్వలదిన్నె హార్బరుకు పోయి ఒక పెద్ద సరంగును కదిపాడు. నేను వెంట ఉన్నాను.

"వారం రోజులు సముద్రం మీద తిప్పి తేవాల. ఏం తీసుకుంటావు పెద్దాయనా?"

"ఏ వలండీ?"

"వల లేదు."

"తమిళనాడు సోనా బోట్లోళ్ళ మీద తగాదాకా?"

"కాదబ్బా. ఊరికే. చూసొచ్చేదానికి."

"ఏం చూసేదానికి?"

"సముద్రం."

ఆయన ఒకసారి సముద్రం వైపు చూసి, ఇది కాదేమోనన్నట్టు మళ్ళీ బావ వైపు చూశాడు. "ఏప్రిల్ 15 కాడ్నించి జూన్ 14 దాకా, 61 దినాలు వేట నిషేధం. బోటు ఖాళీగానే ఉంటది, వచ్చి కూకోండి. కానీ ఇంజను తిప్పకూడదు." కాసేపు ఆలోచించాడు. "సముద్రం మీదికి పోకుండా ఉంటే గవర్నమెంటోళ్ళు మాకు 20,000 ఇస్తుండారు. పోయేదానికి మీరు లక్షలు ఇస్తామంటున్నారు. ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండయ్యా."

రిహార్సల్ మాత్రం ఒకటి జరిగింది. గుంటలు ఎండిన ఒక సీజనులో కుటుంబాన్ని పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి తీసుకుపోయాడు. ఒకప్పుడు మన నెల్లూరు జిల్లాలో ఉండిన దీవి అది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు తడతో పాటు తిరుపతి జిల్లాకు పోయింది, బావ దాన్ని సొంత నష్టంగానే చెబుతాడు. భీమునివారిపాళెంలో పడవ మొత్తం మాట్లాడి, ఇంకెవర్నీ ఎక్కనియ్యలేదు. కెప్టెన్ టోపీ పెట్టుకుని ముందు కూర్చున్నాడు. దిగితే నడుం తడవని లోతు చాలాచోట్ల. అల అనదగ్గది లేదు. పావుగంటకే బావ ముఖం పాలిపోయింది, టోపీ తీసి అందులోనే కక్కుకున్నాడు. అక్క మాత్రం పడవ అంచున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, మరమరాలు తింటూ ఫ్లెమింగోలను లెక్కబెట్టింది. తిరిగొచ్చాక బావ పుస్తకంలో రాసుకున్న ముక్క నేను చూశాను: "నీళ్ళు చాలా పలచన. పెద్ద పడవ అయితే ఊగదు. 80 అడుగులు తప్పదు."

ఈ మధ్య ధర కాస్త కోలుకుంది. పడవ మళ్ళీ 60కి వచ్చింది. ఈసారి బావ ధైర్యం చేసి ఒక విదేశీ ఏజెంటుకు మేనల్లుడి చేత ఉత్తరం రాయించాడు. ఎంతమంది, ఎన్ని గదులు, ఏం తినరు, అన్నీ వివరంగా పోయాయి. ఎక్కే తేదీ అన్న గడిలో ఏం రాయాలని మేనల్లుడు అడిగితే 'పట్టుబడి తర్వాత' అని చెప్పాడట. ఆ కుర్రాడికి ఇంగ్లీషులో అదేమనాలో తోచక ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే కొట్టి పంపాడు. నాలుగు రోజులకు ఎంతో మర్యాదగా జవాబొచ్చింది. పట్టుబడి అనే రేవు తమ మ్యాపుల్లో ఎక్కడా దొరకలేదనీ, అది థాయిలాండులోదా ఇండోనేషియాలోదా చెబితే యాట్‌ను నేరుగా అక్కడికే పంపిస్తామనీ.

బావ ఆ జవాబును ప్రింటు తీయించి గుంట దగ్గరి షెడ్డులో, కరెంటు మీటరు పక్కన అంటించుకున్నాడు. చూసిన వాళ్ళందరికీ చెబుతున్నాడు, కంపెనీ మంచిదే, మనుషులు నమ్మకస్తులే అని.